అప్‌డేట్: మా షెడ్డులో ఈగ ఏదో తేలిపోయింది

మొన్న మా పట్టుపురుగుల షెడ్డులో దొరికిన ఈగ ఫొటో పెట్టి, ఇది పట్టుపురుగుల మీద గుడ్లు పెట్టి వాటిని చంపే ఊజీ ఈగేనా అని అడిగాను కదా. అవును, ఊజీనే. వీపు మీద నాలుగు నల్లచారలు చూసి అప్పుడే తీర్మానించేసుకున్నాను గానీ, మామూలు ఇంటి ఈగకీ నాలుగు చారలే ఉంటాయట! పైనుంచి తీసిన ఆ ఫొటో అందుకే పనికిరాలేదు. మీరన్నట్టు పక్కనుంచి, బాగా దగ్గరగా మళ్లీ తీశాను. పొట్ట మీద ముళ్లలా నిక్కిన బిరుసు వెంట్రుకలు. అసలు సాక్ష్యం మాత్రం పురుగుల మీదే దొరికింది. నాలుగో జ్వరం (పురుగు చర్మం విడిచే దశ) దాటినవాటి చర్మానికి అంటుకున్న చిన్న తెల్లటి గుడ్లు, ఈగపిల్ల లోపలికి తొలుచుకుపోయిన చోట నల్లమచ్చ. మచ్చలున్నవాటిని ఏరేశాను. కిటికీలకు నైలాన్ వల బిగించాను. తలుపు పక్క సందు ఒకటి ఇంకా మిగిలింది, రేపు ఆ పని.