పాత డబుల్ బ్యారెల్ తుపాకీ మీద ముద్రలు చదవగలిగినవాళ్లు సాయం చేయండి

మాది చిత్తూరు జిల్లా పలమనేరు. తాత పేరు మీదున్న తుపాకీ లైసెన్సును నాన్న పేరుకు మార్పిస్తున్నాం, దరఖాస్తులో తయారీదారు పేరు అడుగుతున్నారు. పాత లైసెన్సు పుస్తకంలో '12 బోర్ డి.బి.బి.ఎల్.' (అంటే వెనకనుంచి తూటా పెట్టే రెండు గొట్టాల తుపాకీ) అని తప్ప ఇంకేమీ లేదు. గొట్టాల మధ్య పట్టీ మీద పేరు బాగా అరిగిపోయింది, టార్చి పక్కనుంచి వేసి భూతద్దంతో చూశాను, సుద్ద కూడా రుద్ది చూశాను, చివర్లో 'అండ్ సన్' ఒక్కటే తేలింది.

తిరుపతిలో తుపాకులు బాగుచేసే పెద్దాయన బెల్జియం సరుకన్నాడు. నాకైతే నమ్మకం కుదరలేదు, ఎందుకంటే గొట్టాలు విప్పితే అడుగున కిరీటం కింద బి.పి., ఇంకో కిరీటం కింద బి.వి. స్పష్టంగా ఉన్నాయి, అవి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో గొట్టాలు పేలుడుకు తట్టుకుంటాయో లేదో పరీక్షించి 1904 నుంచి వేసిన ముద్రలు. బెల్జియంలోని లీజ్‌లో చేసినదైతే కోడిగుడ్డు ఆకారంలో ఇ.ఎల్.జి. ముద్ర ఉండాలి కదా, ఎంత వెతికినా అది లేదు. డైమండ్ గుర్తులో 12, దాని కింద సి ఉంది, ఇది 1925 వరకే వేశారు. పక్కనున్న 13/1 గొట్టం లోపలి వ్యాసం, అంటే 0.719 అంగుళాలు, కాబట్టి 12 బోర్ గురించి సందేహం లేదు.

మిగిలింది ఒక్కటే. గొట్టాల అడుగున కొక్కెం దగ్గర చిన్నగా 'టి.కె.' అని కొట్టి ఉంది. ఆ అక్షరాలు తుపాకీ చేసిన కంపెనీవా, గొట్టాలు చేసిన పనివాడివా?