ఎదురు మలుపులో మోడల్ రైలు ఇంజన్ ఆగిపోతోంది, మీటర్ మాత్రం 12 చూపిస్తోంది

ప్రశ్న (తిరుపతి):
హెచ్‌ఓ స్కేల్ (అసలు రైలులో 87వ వంతు) మోడల్ రైలు, 12 వోల్టుల డీసీ కంట్రోలర్, గుండ్రటి లూప్. వైర్లు ఒక్కచోటే కలిపాను. ఎదురువైపు మలుపులోకి పోగానే లైటు మసకబారి ఇంజన్ ఆగిపోతోంది. అక్కడ మీటర్ పెడితే 12 వోల్టులే ఉన్నాయి. ఎక్కడ చూడాలన్నా?

జవాబు (చిత్తూరు):
ఖాళీ పట్టాల మీద కొలిస్తే తెలీదు తమ్ముడూ, లోడు పడితేనే వోల్టేజ్ డ్రాప్ బయటపడుతుంది. ఇంజన్‌ను అక్కడ వేలితో ఆపి, చక్రాలు తిరుగుతుండగా కొలువు. 8కి పడిందా, జాయినర్ల (పట్టా ముక్కలను కలిపే లోహపు క్లిప్పుల) మీదే అనుమానం. ఒకే పట్టా మీద, జాయినర్‌కు అటొక ప్రోబు ఇటొక ప్రోబు పెట్టు. సున్నాకు దగ్గరగా రావాలి. అర వోల్టు చూపించిందంటే దొంగ అదే. ముక్కు ప్లయర్‌తో మెల్లగా నొక్కు, లేకుంటే కొత్తది వెయ్యి.

జవాబు (తిరుపతి):
నొక్కినా కొన్నాళ్లకు మళ్లీ వదులవుతుంది. పట్టా ప్రతి మీటరు పొడవుకూ ఒక ఫీడర్ (పట్టాకు కరెంటు అందించే వైరు) వేస్తేనే నిశ్చింత. బల్ల కింద 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఎరుపు, నలుపు రెండు వరసలు లాగి, 0.5 వైరుతో పట్టా బయటి అంచుకు సోల్డర్ చెయ్యండి. ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి. ఒక్క ఫీడర్ రంగు తారుమారైనా షార్టే.

పట్టాలు, చక్రాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఉప్పుకాగితం మాత్రం వద్దు, ఆ గీతల్లోనే మురికి పేరుకుంటుంది.