క్లబ్ మూతపడ్డ నెలలకు చందా కట్టాలా?
(2021 జూన్‌లో లాక్‌డౌన్ ఎత్తేశాక సాగిన చర్చ. ఇందులోని పన్ను నియమాలు, పథకాలు అప్పటివి.)

పొద్దుటి వాకర్:
మాది హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న పాత క్లబ్. కోటీశ్వరుల క్లబ్ కాదు. రిటైరైన ఉద్యోగులు, లాయర్లు, డాక్టర్లు, చిన్న వ్యాపారులు సభ్యులు. మట్టి టెన్నిస్ కోర్టులు, చెక్క ఫ్లోరింగ్ వేసిన షటిల్ హాలు, స్విమ్మింగ్ పూల్, కార్డ్స్ రూమ్, క్యాంటీన్, చిన్న బార్, ఫంక్షన్లకు అద్దెకిచ్చే లాన్ ఉన్నాయి. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ రోజు గేటుకు తాళం పడింది. రాష్ట్రంలో బార్లకు, క్లబ్బులకు సెప్టెంబర్ చివర్లో అనుమతి వచ్చేదాకా ఆ తాళం తీయలేదు. తీశాక కూడా అన్నీ తెరవలేదు. అందరూ ఈత కొట్టడానికి కేంద్రం 2021 ఫిబ్రవరి నుంచే ఒప్పుకుంది. కాస్త కుదుటపడ్డాం అనుకునేలోపే ఏప్రిల్ 20 నుంచి రాత్రి కర్ఫ్యూ, మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్. మొన్న జూన్ 20న ఎత్తేశారు.

గేటు తెరిచీ తెరవగానే కమిటీ సర్క్యులర్ పంపింది. 2020 ఏప్రిల్ నుంచి ఉన్న చందా బకాయి మొత్తం లేట్ ఫీజుతో, జీఎస్టీతో కలిపి కట్టాలి. కట్టకపోతే ఈసారి జనరల్ బాడీలో ఓటు ఉండదు.

నేను కట్టనని చెప్పడం లేదు. మూసి ఉన్న నెలలకు పూర్తి చందా అడగడం న్యాయమా అన్నదే నా ప్రశ్న. ప్రైవేటు స్కూళ్లు 2020-21లో ఫీజులు పెంచకూడదని, ట్యూషన్ ఫీజు మాత్రమే, అదీ నెలనెలా తీసుకోవాలని 2020 ఏప్రిల్‌లో జీవో 46 ఇచ్చారు. అప్పటికీ పిల్లలకు ఫోన్లోనో, టీవీలోనో పాఠాలు నడిచాయి. మాకు నడిచిందేమీ లేదు. పైగా మాలో చాలామంది పెన్షనర్లం. 2020 మార్చి పెన్షన్‌లో సగం ఆపేసిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. తర్వాత ఇచ్చారు నిజమే, కానీ ఆ నెలల్లో మందులు కొనడానికే వెనకాముందాడాం. ఓటు హక్కును బకాయికి ముడిపెట్టడం మాత్రం నాకు అస్సలు మింగుడు పడటం లేదు. మిగతా క్లబ్బుల వాళ్లు ఏం చేశారో, మీరేమంటారో చెప్పండి.

మాజీ కోశాధికారి:
వాకర్ గారూ, మీ బాధ అర్థమైంది. నేను వేరే క్లబ్‌లో లెక్కలు చూసినవాణ్ని. పూర్తి మాఫీకి మాత్రం నేను గట్టిగా వ్యతిరేకం. ఎందుకో వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

చందా అంటే కోర్టులో ఆడిన గంటకు కట్టే అద్దె కాదు. క్లబ్‌కు యజమాని అంటూ వేరే ఎవరూ లేరు, సభ్యులే యజమానులు. గేటు మూసినా ఆస్తి మీది, ఖర్చూ మీదే.

మట్టి టెన్నిస్ కోర్టు సంగతే చూడండి. రోజూ నీళ్లు చల్లాలి, రోలర్ తిప్పాలి. ఏప్రిల్, మే ఎండల్లో నెల రోజులు వదిలేస్తే పైపొర పొడి అయిపోయి గాలికి లేచిపోతుంది. వానలు పడగానే తుంగ మొలుస్తుంది. దాన్ని పీకితే గుంటలు పడతాయి. తర్వాత మట్టి తెప్పించి మళ్లీ కోర్టు వేయించడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే మాలి జీతం ఎంత? చెక్క ఫ్లోరింగ్ ఇంకా సున్నితం. హాలు తలుపులు వానాకాలమంతా బిగించి ఉంచితే లోపలి తేమకు పలకలు ఉబ్బుతాయి, అంచులు పైకి లేస్తాయి. చెదలు పడితే ఇక చెప్పక్కర్లేదు. అందుకే మా దగ్గర ఒక మనిషి రోజూ వచ్చి కిటికీలు తీసి, ఫ్యాన్లు తిప్పి, ఊడ్చి వెళ్లేవాడు. ఆడేవాళ్లు ఒక్కరూ లేరు, పని మాత్రం ఆగలేదు.

పూల్ గురించి చాలామంది ‘నీళ్లు తోడేస్తే పోయేది కదా’ అన్నారు. వానాకాలంలో భూమిలో నీటిమట్టం పెరిగినప్పుడు ఖాళీ పూల్ అడుగు మీద కింద నుంచి ఒత్తిడి పడుతుంది. టైల్స్ లేస్తాయి, గోడలు నెర్రెలిస్తాయి. నీళ్లు ఉంచితే ఫిల్టర్ తిప్పాలి, క్లోరిన్ వేయాలి. లేకపోతే పాకుడు పట్టి పచ్చగా మారుతుంది, దోమలు చేరతాయి. ఒక కరోనా చాలదన్నట్టు డెంగీ కూడా తోడవుతుంది. 2020 అక్టోబర్ 13 రాత్రి నగరాన్ని ముంచిన వానకు మా పంపు గది నిండిపోయి మోటార్లు కాలిపోయాయి. ఆ ఖర్చు ఏ బడ్జెట్‌లోనూ రాసుకున్నది కాదు.

ఇక కరెంటు. వాడకం తగ్గినా ఫిక్స్‌డ్ చార్జీలు వస్తూనే ఉంటాయి. సెక్యూరిటీ, ఇన్సూరెన్స్, ఆస్తిపన్ను ఏవీ ఆగవు. ఇన్నాళ్లూ మనలాంటి క్లబ్బులను చందాలు నడిపాయనుకుంటే పొరపాటు. బార్, క్యాంటీన్ మిగులు, లాన్ అద్దె, కొత్త సభ్యుల ఎంట్రెన్స్ ఫీజు నడిపాయి. ఆ నాలుగూ ఒక్కసారిగా ఆగిపోయాయి. పెళ్లికి యాభై మందికి మించకూడదన్న రోజుల్లో లాన్ ఎవరు తీసుకుంటారు? 1878 నాటి సికింద్రాబాద్ క్లబ్‌నో, 1884 నాటి నిజాం క్లబ్‌నో చూసి మన లెక్క వేసుకోవద్దు. చిన్న క్లబ్‌కు మిగిలిన ఆదాయం చందా ఒక్కటే. అదీ మాఫీ చేస్తే ఫిక్స్‌డ్ డిపాజిట్లు విరగ్గొట్టాలి. మా దగ్గర విరగ్గొట్టాం కూడా.

సాయంత్రం షటిల్:
అన్నా, మీరు చెప్పిన ఖర్చులన్నీ నిజమే. వాకర్ గారి క్లబ్ కమిటీ ఆ లెక్క సభ్యులకు చూపించిందా అన్నది అసలు పాయింట్. మా క్లబ్‌లోనూ ఇదే కథ. బిల్లు ఠంచనుగా నెలనెలా వాట్సాప్‌లో వచ్చేది. ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అని అడిగితే ‘ఆడిట్ అయ్యాక చెప్తాం’ అనేవాళ్లు. షటిల్ కాక్స్ కొనలేదు, హాలు లైట్లు వెలగలేదు, క్యాంటీన్‌కు గ్యాస్ సిలిండర్ రాలేదు. మరి ఆ మిగులు ఎక్కడ?

ఇంకోటి. స్టాఫ్ జీతాల కోసమే చందా అన్నారు. 2020 జూన్ నుంచి కాంట్రాక్టు కుర్రాళ్లను రావద్దన్నారు. బేరర్లకు సగం జీతం. సభ్యుల దగ్గర పూర్తి చందా తీసుకుని స్టాఫ్‌కు సగం ఇచ్చే పని అయితే, జీతాల పేరు ఎత్తే హక్కు కమిటీకి లేదు.

మాజీ కోశాధికారి:
ఈ విషయంలో మీ మాటకు నాది పూర్తి మద్దతు. లాక్‌డౌన్ కాలానికి కోత లేకుండా జీతాలివ్వాలని కేంద్ర హోంశాఖ 2020 మార్చి 29న ఉత్తర్వు ఇచ్చింది. మే 18 నుంచి దాన్ని వెనక్కి తీసుకున్నారు. యజమానులు, కార్మికులు మాట్లాడుకుని తేల్చుకోవాలని జూన్ 12న సుప్రీంకోర్టు చెప్పింది. చాలా కమిటీలు దాన్ని కోత పెట్టడానికి అనుమతిగా తీసుకున్నాయి. స్టాఫ్‌ను కూర్చోబెట్టి మాట్లాడిన కమిటీలు నేను చూసినంతలో తక్కువ.

మార్కర్ కొడుకు:
నేను ఏ క్లబ్‌లోనూ మెంబర్‌ని కాను సార్. మా నాన్న ఒక క్లబ్‌లో టెన్నిస్ మార్కర్. బాల్ బాయ్‌గా చేరి మార్కర్ అయ్యాడు. తెల్లవారుజామునే వెళ్లి కోర్టుకు నీళ్లు పట్టి, గీతలు వేసి, పార్ట్‌నర్ రాని మెంబర్లతో ఆడేవాడు. జీతం పేరుకే. ఇల్లు నడిచేది మెంబర్ల పిల్లలకు నేర్పించే డబ్బులతో, పండగ ఇనాములతో. క్లబ్ మూసిన రోజే ఆ రెండూ పోయాయి. తర్వాత జీతం కూడా సగం అయింది.

ఇంట్లో రాకెట్లకు తీగలు బిగించే పాత గట్టింగ్ మెషీన్ ఒకటి ఉంది. దాన్ని తుడిచి, మెంబర్లకు ఫోన్లు చేసి, రాకెట్లు తెప్పించుకుని గట్టింగ్ వేశాడు. ఆటే లేనప్పుడు రాకెట్ తీగ ఎందుకు తెగుతుంది సార్? అయినా పొద్దుటి బ్యాచ్‌లో కొందరు బాగున్న రాకెట్లే పంపారు, నాన్న చేయి చాచకూడదని. వాళ్ల రుణం తీర్చుకోలేం.

మీరు ఒక విషయం చర్చించాలి. వందలోపు సిబ్బంది ఉండి, వాళ్లలో 90 శాతం మంది జీతం 15 వేలలోపు ఉన్న సంస్థలకు 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా పీఎఫ్ రెండు వాటాలూ, అంటే మొత్తం 24 శాతం, కేంద్రమే కట్టింది. ఈఎస్ఐ ఉండి ఉద్యోగం పోయినవాళ్లకు సగం జీతం చొప్పున తొంభై రోజుల దాకా భృతి ఇచ్చే పథకం కూడా ఉంది. మా నాన్నకు ఏదీ రాలేదు. ఆయన్ని ఇన్నేళ్లూ క్లబ్ తన రిజిస్టర్‌లోకి ఎక్కించలేదు, నెలనెలా వోచర్ మీద డబ్బులిచ్చింది. చందా కట్టాలా వద్దా అని మీరు తేల్చుకోండి. కట్టేటప్పుడు మాత్రం స్టాఫ్‌లో ఎంతమందికి పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయో ఒక్కసారి అడగండి సార్.

పొద్దుటి వాకర్:
బాబూ, నీ పోస్ట్ మా క్లబ్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను. మా మార్కర్ సంగతేంటో రేపే కనుక్కుంటాను. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

రమ్మీ గారి భార్య:
మా వారు పాతికేళ్లు కార్డ్స్ రూమ్ మెంబర్. ఎవరైనా పేకాట అంటే ఊరుకునేవారు కాదు. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్ కేసులోనే అని లేచి నిలబడి మరీ చెప్పేవారు. రిటైరయ్యాక ఆయనకు ఆ నలుగురే లోకం. క్లబ్ మూసిన ఆర్నెల్లూ సాయంత్రం నాలుగయ్యేసరికి చొక్కా మార్చుకుని బాల్కనీలో కూర్చునేవారు. కార్డ్స్ రూమ్ అన్నిటికంటే ఆఖర్న తెరిచారు. పేక ముక్కలు అందరి చేతులూ మారతాయి, గది మూసి ఉంటుంది కాబట్టి అది సరైన నిర్ణయమే. ఆయనా అదే అన్నారు.

ఏప్రిల్‌లో సెకండ్ వేవ్‌లో పోయారు. ఆయన పేరు మీద బకాయి నోటీసు జూన్‌లో వచ్చింది. లేట్ ఫీజు వేసి, కట్టకపోతే సభ్యత్వం రద్దు చేస్తామని రాశారు. సంతాపం తెలుపుతూ ఒక్క ముక్క రాలేదు. ఆ కాగితం మా అమ్మాయి కంటపడకుండా దాచాను. డబ్బు ఎంతైనా కట్టేస్తాను, దాని గురించి కాదు. నోటీసులు పంపేముందు జాబితాలో ఎవరు ఉన్నారో, ఎవరు లేరో చూసుకునే మనిషి కూడా లేడా ఆ క్లబ్‌లో?

సాయంత్రం షటిల్:
అమ్మా, మాటలు రావడం లేదు. మీరు కట్టొద్దు. కట్టాల్సిన అవసరమే లేదు.

ఆడిటర్ అక్క:
అమ్మా, ఆ నోటీసు కాపీ జాగ్రత్తగా ఉంచండి. సెక్రటరీకి నేను డ్రాఫ్ట్ రాసిస్తాను.

మిగతావాళ్లకు కొన్ని విషయాలు చెప్పాలి. మన క్లబ్బుల్లో చాలావరకు సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయినవి. బకాయి ఉంటే ఓటు ఉండదన్న నిబంధన ఆ చట్టంలోనో, బైలా అంటే క్లబ్ నియమావళిలోనో ఉంటేనే కమిటీ దాన్ని అమలు చేయగలదు, సర్క్యులర్‌తో కొత్తగా పుట్టించలేదు. వాకర్ గారూ, ముందు మీ బైలా కాపీ అడగండి. చందా మాఫీ కూడా అంతే. కమిటీకి ఆ అధికారం ఉందా, జనరల్ బాడీ తీర్మానం కావాలా అన్నది బైలా చూస్తేనే తెలుస్తుంది.

జీఎస్టీ గురించి. సభ్యులు తమ క్లబ్‌కు తామే ఇచ్చుకునే డబ్బుపై పన్నేంటని చాలామంది అడుగుతున్నారు. కలకత్తా క్లబ్ కేసులో 2019 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు క్లబ్బుల వైపే చెప్పింది. అది జీఎస్టీకి ముందున్న పన్నుల మీద తీర్పు. 2021 ఫైనాన్స్ చట్టంలో జీఎస్టీ వేసే ‘సరఫరా’ నిర్వచనాన్నే మార్చారు, అదీ 2017 జూలై 1 నుంచి వర్తించేలా. కాబట్టి ఆ వాదన మీద ఆశ పెట్టుకోవద్దు. వెయ్యి రూపాయల చందాకు 180 పన్ను ఉంటుంది.

బిల్లు వేశాక మీరు కట్టినా కట్టకపోయినా క్లబ్ ఆ పన్ను చెల్లించాల్సిందే. చందా తగ్గించాలని తీర్మానిస్తే క్రెడిట్ నోట్, అంటే బిల్లు తగ్గిస్తున్నట్టు కాగితం, ఇచ్చి ఆ పన్ను సర్దుబాటు చేసుకోవచ్చు. 2020-21 బిల్లులకు దాని గడువు 2021 సెప్టెంబర్ రిటర్న్‌తో ముగుస్తుంది, వార్షిక రిటర్న్ ముందే వేసేస్తే అప్పటితోనే. జనరల్ బాడీని అక్టోబర్‌కు వాయిదా వేస్తే సభ్యులకు తగ్గించిన చందా మీద పన్ను క్లబ్ నెత్తినే పడుతుంది.

మాజీ కోశాధికారి:
ఇది చాలామంది కోశాధికారులకు తెలియదమ్మా. చెప్పి మంచి పని చేశారు.

వాకర్ గారూ, నేనైతే ఇలా ప్రతిపాదిస్తాను. 2020 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా సగం చందా. అది ఆస్తిని, మనుషులను నిలబెట్టడానికి. క్లబ్ తెరిచిన నెలలకు పూర్తిగా. లేట్ ఫీజు అందరికీ రద్దు. చనిపోయినవారి బకాయి మొత్తం కొట్టేయాలి, ఆ కుటుంబానికి సెక్రటరీ స్వయంగా వెళ్లి క్షమాపణ చెప్పాలి. స్టాఫ్‌కు కోసిన జీతం వసూలైన బకాయిలోంచి ముందు చెల్లించాలి. కట్టలేని సభ్యులకు వాయిదాలు ఇవ్వాలి.

సాయంత్రం షటిల్:
లెక్క చూపించకుండా సగం కూడా ఇవ్వకూడదనే నేనంటాను. ముందు 2020-21 జమాఖర్చులు నోటీసు బోర్డు మీద పెట్టాలి, తర్వాతే వసూళ్లు. ఈ విషయంలో మీతో ఏకీభవించలేను అన్నా.

మాజీ కోశాధికారి:
లెక్క అడగడం మీ హక్కు. లెక్క వచ్చేదాకా మాలికి జీతం ఆపడం మాత్రం నాకు సమ్మతం కాదు.

పొద్దుటి వాకర్:
బైలా కాపీ కోసం ఈరోజే లెటర్ ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకున్నాను. తీర్మానం నేనే ప్రవేశపెడతాను. షటిల్ గారి జమాఖర్చుల షరతు, మార్కర్ గారబ్బాయి అడిగిన పీఎఫ్, ఈఎస్ఐ వివరాలు కూడా అందులో చేరుస్తాను. ఆడిటర్ గారూ, ఆగస్టులోనే జనరల్ బాడీ పెట్టమని సభ్యులు రాతపూర్వకంగా కోరాలంటే ఎంతమంది సంతకాలు కావాలి?

ఆడిటర్ అక్క:
ఆ సంఖ్య కూడా బైలాలోనే ఉంటుంది. కాపీ చేతికి రాగానే ఆ పేజీ ఫొటో ఇక్కడ పెట్టండి, తీర్మానం మాటలు కూర్చి ఇస్తాను.