'భారసహా నరాః': ఇక్కడ ఉన్నది నరులా, నరాలా?

పదచింతన
క్రీడా శిక్షణ చదివే మొదటి సంవత్సరం విద్యార్థుల కోసం చిన్న పదకోశం ఒకటి రాస్తున్నాను. గాయాల భాగానికి వచ్చేసరికి ఒక శ్లోకపాదం రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. చివర '... భారసహా నరాః' అని ఉంటుంది. అంతకుముందు పడవ, పలకలు, కట్లు వస్తాయి. కీళ్ళను కట్టి ఉంచే నరాలే బరువు మోస్తాయని దాని అర్థం అనుకున్నాను. లిగమెంటును, అంటే కీలు దగ్గర ఎముకనూ ఎముకనూ కలిపే కట్టును, 'నరం' అనడానికి అదే ఆధారమని ఇన్నేళ్ళూ నమ్మాను. ఇప్పుడు అనుమానం పట్టుకుంది. అది 'భారసహా' అవునా, 'భారక్షమా' అవునా? ముందు పాదాలు ఎవరికైనా గుర్తున్నాయా?

సంహితాప్రియ
సుశ్రుతసంహిత, శారీరస్థానం, ఐదో అధ్యాయం. మీకు గుర్తున్న రెండు మాటలూ అక్కడ ఉన్నాయి, చోట్లు వేరు.

'నౌర్యథా ఫలకాస్తీర్ణా బంధనైర్బహుభిర్యుతా
భారక్షమా భవేదప్సు నృయుక్తా సుసమాహితా'

ఇది పడవ సంగతి: పలకలు పరిచి ఎన్నో కట్లతో బిగించిన పడవ నీటిలో బరువు మోయగలదు. తర్వాతి శ్లోకం 'స్నాయుభిర్బహుభిర్బద్ధాస్తేన భారసహా నరాః' అని ముగుస్తుంది. ఇది మనిషి సంగతి: కీళ్ళను ఎన్నో స్నాయువులు కట్టి ఉంచాయి, అందుకే బరువు మోయగలరు. పడవ భారక్షమ, మనుషులు భారసహులు. 'నరాః' అంటే నరులు. నరాలు ఈ శ్లోకంలో ఎక్కడా లేవు.

పదచింతన
ధన్యవాదాలండీ. తెలుగు చెవికి 'నరాః' అనగానే నరాలే వినిపించాయి. సరే, అయితే నా అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఇక్కడి స్నాయువు లిగమెంటేనా? విద్యార్థులకు స్ప్రెయిన్, స్ట్రెయిన్ వేరుచేసి చెప్పాలి. కీలు దగ్గర ఎముకనూ ఎముకనూ కలిపే బంధం దెబ్బతింటే మొదటిది. కండరం గానీ, కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ గానీ దెబ్బతింటే రెండోది. స్నాయువు ఏ గట్టున నిలబడుతుందో తేలితే తప్ప నిర్వచనం కుదరదు.

నిఘంటుపాఠకుడు
స్నాయువును ఒక గట్టున నిలబెట్టడం ఎవరి తరమూ కాలేదు. హిందీ, బెంగాలీల్లో స్నాయువు అంటే నాడి. మరాఠీ, కన్నడాల్లో కండరం. మన శాస్త్ర పుస్తకాల్లో ఎక్కువగా టెండన్ వైపు మొగ్గింది. ఒకే సంస్కృత పదం పక్కపక్క భాషల్లో మూడు వేర్వేరు అవయవాల పేరయింది. మీ విద్యార్థి రేపు మరో భాషలో రాసిన పుస్తకం తెరిస్తే ఏమవుతుందో ఆలోచించండి.

తెలుగుమూలాలు
గ్రీకులోనూ ఇదే జరిగింది. 'న్యూరాన్' అనే మాటకు మొదట స్నాయువు, వింటినారి అనే అర్థాలు. నాడి అనే అర్థం తర్వాత వచ్చింది. వెడల్పుగా పొరలా పరుచుకునే టెండన్‌ను వైద్యులు ఈనాటికీ 'అపోన్యూరోసిస్' అంటారు. నాడులతో దానికి ఏ సంబంధమూ లేదు, పాత అర్థం అక్కడ అలా నిలిచిపోయింది.

పదచింతన గారూ, మీరు 'నరం' అన్నందుకు నొచ్చుకోనక్కర్లేదు. మన నరం సంస్కృత 'నర' నుంచి వచ్చింది కాదు. తమిళంలో నరంబు, కన్నడంలో నర, అంతా మన ఇంటి మాట. నార, నారి, నరం ఒకే కుదురువని నా నమ్మకం. పేనితే నార, వంచిన వింటికి బిగిస్తే నారి, ఒంట్లో బిగిసి ఉంటే నరం. అందుకే తెలుగు నరం రక్తనాళానికీ, నాడికీ, టెండన్‌కూ కూడా చెల్లింది.

మైదానం నుంచి
తెలుగుమూలాలు గారూ, అలా అన్నిటికీ చెల్లడమే మైదానంలో మాకు ప్రమాదం. పరుగు మధ్యలో ఆగి, తొడ వెనుక చెయ్యి పెట్టుకుని 'నరం పట్టేసింది' అంటాడు పిల్లవాడు. కండరం ఉన్నట్టుండి బిగుసుకున్నా అదే మాట, కండరం చిరిగినా అదే మాట. బిగుసుకుంటే మెల్లగా సాగదీస్తే సర్దుకుంటుంది. చిరిగిన కండరాన్ని వెంటనే సాగదీసినా, గట్టిగా మర్దన చేసినా చిరుగు పెరుగుతుంది, లోపల రక్తస్రావం ఎక్కువవుతుంది. ఒక మాట రెండు గాయాలను కప్పేస్తే చేతులు తప్పు పని చేస్తాయి. నా శిక్షణ తొలి రోజుల్లో నా చేతులే ఆ తప్పు చేశాయి. ఆ కుర్రవాడు కోలుకోవడానికి పట్టవలసిన దానికంటే చాలా ఎక్కువ కాలం పట్టింది. అందుకే ఈ చర్చ నాకు కేవలం మాటల సరదా కాదు.

సంహితాప్రియ
అసలు విషయానికి వద్దాం. సుశ్రుతుడు స్నాయువును ఒకే వస్తువుగా చెప్పలేదు. నాలుగు రకాలన్నాడు: ప్రతానవతులు, వృత్తాలు, పృథువులు (వెడల్పువి), శుషిరాలు (బోలువి). కాళ్ళూచేతుల్లో, కీళ్ళన్నిటిలో కొమ్మలుగా పాకేవి ప్రతానవతులు. గుండ్రటి వృత్తాలకే కండరలు అని పేరు. అంటే ప్రతానవతి మీ లిగమెంటు, వృత్తం మీ టెండన్. పడవ శ్లోకం కీళ్ళను గురించి కాబట్టి అక్కడి స్నాయువు లిగమెంటే. నా వరకు ఇది తేలిపోయింది.

నిఘంటుపాఠకుడు
తేలలేదు, ముడి ఇంకొంచెం బిగిసింది. 'కండర' అంటే టెండన్ అని మీరే అన్నారు. మరి మనం రోజూ 'కండరం' అని దేన్ని అంటున్నాం? కండను. సుశ్రుతుడు కండను 'పేశి' అన్నాడు. పేశులు అయిదువందలు, కండరలు పదహారు అని విడివిడిగా లెక్కపెట్టాడు కూడా. తాడు పేరును తీసుకెళ్ళి మాంసానికి పెట్టుకున్నాం మనం.

తెలుగుమూలాలు
అది సంస్కృత కండర కాకపోవచ్చు. తెలుగు 'కండ' ముందే ఉంది కదా. కండబలం, కండపట్టడం మన నోట నలిగిన మాటలు. సంస్కృత కండర వచ్చి మన కండ మీద వాలిందని, చెవికి రెండూ ఒకటే కావడంతో అర్థం మాంసం వైపు జారిందని నా ఊహ.

నిఘంటుపాఠకుడు
ఊహ అందంగా ఉంది. కానీ 'ర' ఎక్కడిదో చెప్పకుండా దాటేశారు. కండకు 'రం' చేర్చే ప్రత్యయం మనకు లేదు. ఆ ఒక్క అక్షరం సంస్కృతం నుంచే వచ్చిందని ఒప్పుకోవాలి.

తెలుగుమూలాలు
అక్షరం అరువు, అర్థం మనది. అంతవరకు ఒప్పుకుంటాను.

పదచింతన
పెద్దలందరికీ మనవి. ఇప్పటికి నా పదకోశంలో స్నాయువు పక్కన ప్రశ్నార్థకం ఉంది, కండరం పక్కనా అదే ఉంది. పోనీ స్ప్రెయిన్‌కు 'బెణుకు' అని రాసుకోవచ్చు కదా? అది అందరికీ తెలిసిన మాటే.

మైదానం నుంచి
రాయండి. పాదం లోపలివైపుకు మడతపడితే చీలమండ బయటివైపు బంధం సాగుతుంది. ఆటల్లో అన్నిటికంటే తరచుగా చూసేది అదే. బంధం సాగి నారపోగులు కొద్దిగా దెబ్బతింటే మొదటి స్థాయి, కొంత చిరిగితే రెండో స్థాయి, పూర్తిగా తెగితే మూడో స్థాయి. మూడిటినీ మనవాళ్ళు 'బెణికింది' అనే అంటారు. మూడో స్థాయిలో కొన్నిసార్లు నొప్పి అనుకున్నంత ఉండదు, పోగులు మొత్తం తెగిపోయాయి కనుక. 'నొప్పి లేదు, చిన్న బెణుకే' అన్న మాటను నేను అందుకే నమ్మను. కీలు నిలకడ చూడాల్సిందే.

భాగవతాభిమాని
'తొణకడు బెణకడు' అంటాం కదా, ఆ బెణకడం ఏమిటో ఎవరైనా పట్టించుకున్నారా? తొణకడం కుండలో నీటిది. బెణకడం ఉన్నచోటు నుంచి కొంచెం చలించడం. చలించి మళ్ళీ చోటికి వస్తే బెణుకు, రాకపోతే కీలు తప్పినట్టు. ఇంత చక్కని భేదం మాటల్లోనే ఉండగా బయట వెతకడం ఎందుకు?

'తప్పడం' అంటే పోతన గుర్తుకు రాకుండా ఉంటాడా:

'లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్'

అలసిన దేహాన్ని ఇంత వరుసగా పరీక్షించి చెప్పిన పద్యం ఇంకొకటి నాకు తెలియదు. లావు అంటే ఇక్కడ బలం, ఒళ్ళు కాదు. ముందు బలం పోయింది, తర్వాత ధైర్యం, తర్వాత ప్రాణాలు చోటు తప్పాయి, స్పృహ తప్పింది. పదచింతన గారూ, బలానికి 'లావు' అనే మాటను మీ పదకోశంలోకి మళ్ళీ తీసుకురండి.

పదచింతన
మనసుకు నచ్చింది. కానీ 'లావు పెంచే వ్యాయామాలు' అని రాస్తే విద్యార్థులు ఏమని చదువుకుంటారండీ?

సంహితాప్రియ
పద్యంలో నన్ను ఎప్పుడూ ఆపేది లావు కాదు, చివరి రెండు క్రియలు. 'డస్సెన్' అయిపోయిన పని. 'శ్రమంబయ్యెడిన్' ఇంకా జరుగుతున్న పని. దేహం డస్సిపోయింది, అయినా శ్రమ ఆగలేదు, మొసలి లాగుతూనే ఉంది. ఈనాటి క్రీడావైద్యంలో శ్రమ వేరు, అలసట వేరు అని చెప్పడానికి ఎంత కష్టపడతారో. పోతన ఒక్క పాదంలో క్రియారూపాలతో చెప్పేశాడు.

నిఘంటుపాఠకుడు
అలా అయితే 'శ్రమంబయ్యెడిన్' అంటే బాధ కలుగుతోంది అనే సాదా అర్థం ఏమవుతుంది? ఏనుగు తన వ్యాయామం సంగతి చెప్పడం లేదు, మొరపెట్టుకుంటోంది. నేటి శాస్త్రాన్ని పద్యం మీద రుద్దకూడదు.

భాగవతాభిమాని
మొర అయినా కాలభేదం కాలభేదమే. ఒకటి భూతం, ఇంకొకటి వర్తమానం. ఛందస్సు కోసమే పెట్టాడని మాత్రం అనకండి, పోతనకు ఆ అవసరం లేదు.

మైదానం నుంచి
నాకు స్ట్రెయిన్‌కు మాట కావాలి. 'ఈడ్పు' అన్నవాళ్ళున్నారు. ఈడ్చడంలో నేల మీద లాగే ధ్వని ఉంది, కండరానికి అతకదు. వడదెబ్బ, ఎండదెబ్బ లాగా 'సాగుదెబ్బ' అంటే? తొడ వెనుక కండరం సాగే క్షణంలోనే బలంగా బిగుసుకోవలసి వచ్చినప్పుడు చిరుగుతుంది. వేగంగా పరిగెత్తేవాడి కాలు ముందుకు చాచుకుని నేలను తాకబోయే ముందు ఉండే స్థితి అదే. సాగడమూ ఉంది, దెబ్బా ఉంది.

నిఘంటుపాఠకుడు
సాగు అనగానే వ్యవసాయం గుర్తుకొస్తుంది. పైగా బెణుకులోనూ సాగేది బంధమే కదా. మీరే పైన 'బంధం సాగి' అన్నారు. వేరుచేయడానికి పెట్టుకున్న మాట రెండిటికీ వర్తిస్తే ఏం లాభం?

తెలుగుమూలాలు
'కండచిరుగు' అనండి. అరువు తెచ్చిన 'ర' కూడా పోతుంది.

మైదానం నుంచి
తొలి స్థాయిలో చిరుగు కంటికి కనబడేంత ఉండదు. 'చిరుగు' అనగానే ఆటగాడు బెదిరిపోతాడు. టెండన్ దెబ్బతింటే మళ్ళీ 'కండ' అతకదు. అయినా మిగిలినవాటికంటే ఇదే దగ్గరగా ఉంది.

సంహితాప్రియ
అందరూ పడవను వదిలేశారు. 'నృయుక్తా' అన్న మాట చూడండి. పడవకు పలకలున్నాయి, కట్లున్నాయి, మనుషులూ ఉన్నారు. తెడ్లు వేసేవాళ్ళతో కూడినది అని నేను అర్థం చెప్పుకుంటాను. పలకలు ఎముకలు, కట్లు స్నాయువులు, తెడ్లు వేసేవాళ్ళు పేశులు. కట్లు బిగువుగా ఉంటే చాలదు, మనుషులు పడవను సంబాళించాలి. 'సుసమాహితా', అంటే చక్కగా కుదురుకున్నది, అన్నది దానికే.

నిఘంటుపాఠకుడు
'నృయుక్తా' అంటే మనుషులు ఎక్కిన పడవ, అంతే. భారక్షమ అన్నాక భారం ఏదో చెప్పాలి కదా, ఆ భారమే మనుషులు. తెడ్లు శ్లోకంలో లేవు, మీరు తెచ్చినవి.

మైదానం నుంచి
నాకు సంస్కృతం అంతగా రాదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. చీలమండ ఒకసారి బెణికిన ఆటగాడిని ఒంటికాలి మీద నిలబెట్టి నిలకడ సాధన చేయిస్తాం. బంధం మానడం ఒక్కటే చాలదు. పాదం మడతపడబోయే క్షణాన చుట్టూ ఉన్న కండరాలు వెంటనే స్పందించాలి. ఆ సాధన చేసినవాళ్ళకు మళ్ళీ బెణకడం తగ్గుతుంది. కట్లు వాటంతట అవే పడవను కాపాడవు.

సంహితాప్రియ
నేనంటున్నదీ అదే!

నిఘంటుపాఠకుడు
ఆయన చీలమండ గురించి చెప్పారు, శ్లోకం గురించి కాదు.

పదచింతన
రేపు ఉదయం పాఠం ఉంది. బెణుకు ఖాయం చేసుకున్నాను, మూడు స్థాయులతో సహా. స్ట్రెయిన్ ఎదుట 'కండచిరుగు' అని పెన్సిలుతో రాశాను. శ్లోకం పూర్తిగా బోర్డు మీద రాసి మొదలుపెడదామని ఉంది. కానీ ఆ పడవలోని మనుషులు తెడ్లు వేస్తున్నారా, ఊరికే కూర్చున్నారా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటారు?