బోరు నీళ్ళ ఇంటికి ఏ గీజర్? స్టీల్ ట్యాంకా, గ్లాస్ లైనింగా?

ఒంగోలు అక్క
మాది ఒంగోలు, కర్నూలు రోడ్డు వైపు. అంతా బోరు నీళ్ళే. మూడేళ్ళ కిందట పెట్టించిన 15 లీటర్ల గీజర్ సరిగ్గా సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలున్నప్పుడు కింద నుంచి కారడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే ట్యాంకుకే చిల్లి. కంపెనీ మనిషి వచ్చి మీ నీళ్ళు మంచివి కాదు, వారంటీ రాదని చెప్పి వెళ్ళిపోయాడు. ఇప్పుడు కొత్తది కొనాలి. ఇంట్లో నలుగురం, అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి ఏడాదంతా వేడినీళ్ళు కావాలి. షాపతను స్టీల్ ట్యాంకు తీసుకోమంటాడు, మా ఆయన గ్లాస్ లైనింగ్ అంటారు, మా తమ్ముడేమో అంత పెద్ద ట్యాంకే వద్దు, అప్పటికప్పుడు కాచే చిన్న ఇన్‌స్టంట్ చాలంటాడు. ఉప్పునీళ్ళ మీద వాడినవాళ్ళు చెప్పండి.

స్టోన్‌హౌస్‌పేట
మీ తమ్ముడి మాటే కరెక్ట్ అక్కా. మా నెల్లూరులో చలి ఎన్నాళ్ళుంటుంది? మేలో మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నీళ్ళలో చెయ్యి పెట్టలేం. మా ఇంట్లో 3 లీటర్ల ఇన్‌స్టంట్ పెట్టాం, స్విచ్ వేయగానే వేడినీళ్ళు.

చీమకుర్తి ఎలక్ట్రీషియన్
అన్నా, మీ ఇంటికి సరిపోయింది, వాళ్ళింటికి సరిపోదు. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ 25 డిగ్రీల నీటిని 40కి తేవాలంటే నిమిషానికి మూడు లీటర్లకు మించి ఇవ్వలేదు. బకెట్ నిండేసరికి ఐదారు నిమిషాలు, అదీ వరసగా నలుగురికి. పైగా చిన్న ట్యాంకులో పెద్ద కాయిల్, గట్టి నీళ్ళకి గార తొందరగా పట్టేది అక్కడే.

అక్కా, లీటర్ల లెక్క ముందు చెప్తాను. 25 లీటర్ల నీళ్ళు 60 డిగ్రీలకి కాగితే చన్నీళ్ళు కలుపుకుని 40 డిగ్రీల నీళ్ళు లెక్క ప్రకారం 58 లీటర్ల దాకా వస్తాయి, అంటే మూడు బకెట్లు. 15 లీటర్లదైతే రెండు. 2 కిలోవాట్ల కాయిల్‌తో 25 లీటర్లు కాగడానికి అరగంట, సుమారు ఒక యూనిట్ కరెంటు. ఇద్దరిద్దరుగా స్నానం చేస్తే 15 చాలు, పొద్దున్నే అందరూ ఒకేసారంటే 25 తీసుకోండి. గీజర్ మీద అతికించే స్టార్ల సంగతేమిటంటే, కాగిన నీళ్ళు ట్యాంకులో ఉన్నంతసేపు ఎంత వేడి బయటికి పోతుందో చెప్పేవి అవి. రోజంతా ఆన్‌లో పెట్టే ఇంటికి ఐదు స్టార్లు బాగా కలిసొస్తాయి, స్నానానికి ముందు అరగంట వేసి ఆపేసే ఇంటికి అంత తేడా తెలియదు.

ఇక ట్యాంకు. గ్లాస్ లైనింగ్ అంటే లోపల ఇనుమే, దానిమీద గాజు పూత. ఆ పూతలో సన్న పగులు వచ్చినా నీళ్ళు ఇనుమును తినకుండా లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, యానోడ్ రాడ్ అంటాం. ఇనుముకి బదులు అది అరుగుతుంది. అది పూర్తిగా అరిగిపోయాక ట్యాంకుకి కాపలా ఉండదు. మన బోర్లకి ఏడాదికోసారి విప్పించి చూసుకోవాలి. నేను విప్పినవాటిలో చాలా ఇళ్ళలో కొన్నరోజు నుంచి దాన్ని చూసినవాళ్ళే లేరు, రాడ్డు స్థానంలో తీగ మాత్రం మిగిలి ఉంటుంది.

కావలి
అంత హైరానా ఎందుకు? మాది స్టీల్ ట్యాంకు, ఏడేళ్ళయింది, ఒక్క చుక్క కారలేదు. స్టీల్‌కి తుప్పేంది?

చీమకుర్తి ఎలక్ట్రీషియన్
మీకు వచ్చేది బోరా, మున్సిపాలిటీ నీళ్ళా?

కావలి
మున్సిపాలిటీ కుళాయి.

చీమకుర్తి ఎలక్ట్రీషియన్
అదీ తేడా. స్టీల్‌ని చెడగొట్టేది ఉప్పులోని క్లోరైడ్. వేడినీళ్ళలో అది వెల్డింగ్ అతుకుల దగ్గర సూదిమొనంత గుంటలు చేస్తుంది, బయటికి కనపడదు, ఒకరోజు చెమ్మ మొదలవుతుంది. మంచినీళ్ళకి స్టీల్ బంగారం లాంటిదే, కాదనను. సముద్రానికి దగ్గరగా ఉన్న ఉప్పు బోరుకి మాత్రం నేను స్టీల్ చెప్పను.

కనిగిరి
మా వైపు ఫ్లోరైడ్ నీళ్ళు. దానికీ గీజర్ పోతుందా? కాచితే ఫ్లోరైడ్ పోతుందని కూడా అంటారు.

చీమకుర్తి ఎలక్ట్రీషియన్
కాచినా ఫ్లోరైడ్ పోదండీ, అలాగే ఉంటుంది. దయచేసి గీజర్ నీళ్ళు తాగడానికీ వంటకీ వాడకండి. గీజర్‌లో గార కట్టేది ఫ్లోరైడ్ కాదు, కాల్షియం, మెగ్నీషియం. వాటి కొలతే కాఠిన్యం, తాగేనీటి ప్రమాణంలో అది లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600 వరకు. క్లోరైడ్ 250, తప్పనప్పుడు 1000. నీళ్ళు ల్యాబులో చూపించి ఈ రెండు అంకెలు తెలుసుకుని షాపుకి వెళ్ళండి. అప్పుడు షాపతను చెప్పింది కాదు, మీ నీళ్ళు చెప్పింది కొంటారు.

స్టోన్‌హౌస్‌పేట
ఇన్‌స్టంట్ గురించి నా మాట మీదే ఉన్నా, ఇద్దరే ఉండే ఇంటికి అది చాలు. కానీ నలుగురికి, పెద్దావిడ ఉన్న ఇంటికి ట్యాంకుదే నయం, ఒప్పుకుంటా.

ఒంగోలు అక్క
నిన్న నీళ్ళు పరీక్ష చేయించాను. కాఠిన్యం 740, క్లోరైడ్ 620. అంటే స్టీల్ వద్దు, అంతేనా? వేడి ఎంతకి ఆగాలో చూసే థర్మోస్టాట్ ఎంతలో పెట్టాలి?

చీమకుర్తి ఎలక్ట్రీషియన్
గ్లాస్ లైనింగ్, 25 లీటర్లు తీసుకోండి. యానోడ్ రాడ్ మీ ఊళ్ళో విడిగా దొరుకుతుందో లేదో కొనేముందే అడగండి. థర్మోస్టాట్ 55 దగ్గర ఉంచితే గార తగ్గుతుంది, వారానికొకసారి 60 దాటించండి, నిలవ నీళ్ళలో సూక్ష్మక్రిములు చేరకుండా.

ఇంకొకటి, ఇది మాత్రం మర్చిపోవద్దు. నీళ్ళు కాగితే ఉబ్బుతాయి. 25 లీటర్లు 60 డిగ్రీలకి వచ్చేసరికి పావు లీటరు పైగా పెరుగుతాయి, ఆ ఎక్కువ నీళ్ళు సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు చుక్కలుగా పడటం మామూలే. లీకు అనుకుని దానికి మూత బిగించే ప్లంబర్లు ఉన్నారు. అలా దారి మూసేస్తే, థర్మోస్టాట్ చెడినరోజు ఒత్తిడికి ఆ ట్యాంకు పేలే ప్రమాదం ఉంది. మీ పాతదానికి ఒకసారి చూడండి.

ఒంగోలు అక్క
ఇప్పుడే మేడ మీద పడేసిన పాత గీజర్ చూసి వచ్చాను. వాల్వు మొనకి టేపు చుట్టి ప్లాస్టిక్ మూత గట్టిగా బిగించి ఉంది. మూడేళ్ళుగా రోజూ అత్తయ్య దాని కిందే స్నానం చేసింది. ఫోటో తీసి మా వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా ప్లంబరే పక్కింట్లోనూ, ఎదురింట్లోనూ పెట్టాడు, వాళ్ళవి ఈ సాయంత్రమే విప్పి చూస్తున్నాం.