చింతగింజలతో ఫ్లోరైడ్ ప్రయోగం: తెలిసినవాళ్లు చూసి తప్పొప్పులు చెబుతారా?

కనిగిరి_అమ్మాయి
అందరికీ నమస్కారం. నేను ఇంటర్ సెకండియర్, బైపీసీ. మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మా తాతయ్య నడుం వంగిపోయింది, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. అందుకే ఈ పని మొదలుపెట్టాను. చింతగింజలు పొట్టుతో సహా ఎండబెట్టి, దంచి, జల్లించి, ఆ పొడి బోరు నీళ్లలో వేసి గంటసేపు కలిపి వడగట్టాను. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో ఎస్‌పీఏడీఎన్‌ఎస్ పద్ధతిలో (రంగును బట్టి ఫ్లోరైడ్ కొలిచేది) చూస్తే లీటరుకు 3.2 మిల్లీగ్రాములు ఉన్నది 0.9కి దిగింది. మన ప్రమాణాల ప్రకారం 1 లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా పర్వాలేదు.

నాకు సర్టిఫికెట్ వద్దు. ఈ ఫలితం నిజమో కాదో విషయం తెలిసినవాళ్లు ఒక్కరు చూసి చెబితే చాలు. కొందరు ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టాను, ఒక్కరూ పలకలేదు. ఎవరిని అడగాలి, ఎలా అడగాలి?

మద్రాసు_స్కాలర్
చెల్లెమ్మా, ముందు ఆ మెయిల్‌లో ఏం రాశావో ఇక్కడ పెట్టు.

కనిగిరి_అమ్మాయి
"గౌరవనీయులైన సార్, నేను ఫ్లోరైడ్ సమస్యకు తక్కువ ఖర్చుతో పరిష్కారం కనుగొన్నాను. నా ప్రాజెక్టు రిపోర్టు జతచేశాను. దయచేసి మీ అమూల్యమైన అభిప్రాయం తెలుపగలరు." రిపోర్టు 40 పేజీలు ఉంటుంది అన్నా.

మద్రాసు_స్కాలర్
అదీ సంగతి. నేను పీహెచ్‌డీ చేస్తున్నాను, మా గైడ్‌కి ఇలాంటి మెయిల్స్ రోజూ వస్తాయి. "పరిష్కారం కనుగొన్నాను" అని ఉంటే చాలావరకు తెరవకుండానే వదిలేస్తారు. పొగరుతో కాదు. 40 పేజీలు చదివి అభిప్రాయం చెప్పడమంటే సగం రోజు పని, ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియదు.

ఒక్క ప్రశ్న అడుగు, పది నిమిషాల్లో జవాబు చెప్పగలిగేది. "పొడి కలిపిన నీళ్లు లేత గోధుమ రంగులోకి మారాయి, ఈ రంగు వల్ల నా రీడింగ్ తప్పు వచ్చే అవకాశం ఉందా?" లాంటిది. కింద ఒక టేబుల్, నువ్వు చేసిన పద్ధతి అయిదారు వాక్యాల్లో. అంతే. రిపోర్టు అడిగితే పంపిస్తానని చివర్లో రాయి. ఎవరికి పంపాలంటారా, ఫ్లోరైడ్ మీద ఈమధ్య వచ్చిన పేపర్లు వెతికి మొదటి పేరున్నవాళ్లకు పంపు. సాధారణంగా వాళ్లు మాలాంటి స్కాలర్లే అయి ఉంటారు, చేత్తో ప్రయోగం చేసేది వాళ్లే. జవాబిచ్చే ఓపిక కూడా వాళ్లకే ఎక్కువ. రెండు వారాలు చూసి ఒకసారి గుర్తుచేయడంలో తప్పులేదు.

ఒంగోలు_నాన్న
అమ్మా, ఒక హెచ్చరిక. మా అబ్బాయి పదో తరగతిలో ఇలాగే ఒక ప్రాజెక్టు చేస్తే ఏదో "అంతర్జాతీయ జర్నల్" నుంచి మెయిల్ వచ్చింది. డబ్బు కడితే వారంలో అచ్చువేస్తామన్నారు. నిపుణులు చూసి ఏం చెబుతారని అడిగితే "అన్నీ బాగున్నాయి" అని ఒక్క ముక్క రాశారు. వాడు టేబుల్లో ఒక వరుస ఖాళీ వదిలేసి ఉన్నాడు, అది కూడా వాళ్లకు కనపడలేదు! మేము కట్టలేదు. నీ పని చదవకుండానే మెచ్చుకునేవాళ్ల జోలికి వెళ్లకు.

కెమిస్ట్రీ_మేడమ్
డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను, ఈ పరీక్ష పిల్లలతో ఏటా చేయిస్తాను. పైన ఆ అబ్బాయి రంగు గురించి అన్నది మాట వరసకే కావచ్చు గానీ, తల్లీ, నీ ప్రయోగానికి అదే ప్రాణం. కొంచెం వివరంగా చెబుతాను.

ఈ పద్ధతిలో జిర్కోనియంతో కలిసిన ఎర్రటి రంగుద్రావణం ఉంటుంది. ఫ్లోరైడ్ వెళ్లి జిర్కోనియాన్ని లాక్కుంటుంది, ఆ మేరకు రంగు తగ్గుతుంది. అంటే ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే రంగు అంత తక్కువ. 570 నానోమీటర్ల దగ్గర ఆ రంగునే మీటరు కొలుస్తుంది. చింతగింజ పొట్టులో టానిన్లు ఉంటాయి, నీళ్లను గోధుమ రంగులోకి మార్చేది అవే. ఆ రంగు కూడా మీటరుకు రంగే. రంగు పెరిగితే ఫ్లోరైడ్ తగ్గిపోయిందని చూపిస్తుంది, తగ్గకపోయినా సరే.

ఇంకొకటి. ఈ పద్ధతి దాదాపు 1.4 వరకే సరిగ్గా పనిచేస్తుంది. కాబట్టి 3.2 ఉన్న బోరు నీళ్లను పలచన చేసే చూసి ఉంటావు. పొడి కలిపిన నీళ్లు 0.9 అని వచ్చాయి కాబట్టి పలచన చేయకుండా పెట్టి ఉంటావు, దాంతో గోధుమ రంగు మొత్తం మీటరు ముందుకు వచ్చింది. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

చేయాల్సింది: ఫ్లోరైడ్ లేని డిస్టిల్డ్ వాటర్‌లో అంతే పొడి వేసి, అంతసేపే కలిపి, వడగట్టి చూడు. రంగు ప్రభావం ఎంతో అది చెబుతుంది. తర్వాత పొడి కలిపి వడగట్టిన బోరు నీళ్లలో తెలిసిన మోతాదు ఫ్లోరైడ్, 0.5 అనుకో, కలిపి మళ్లీ చూడు. రీడింగ్ దాదాపు 0.5 పెరగాలి. పెరగకపోతే పొడిలోనిది ఏదో ఆ రంగుద్రావణంతోనే ఆటాడుతోందన్నమాట. ఈ రెండూ చేసిన టేబుల్ పెడితే ఏ సైంటిస్టయినా ఆగి చదువుతారు.

డెవాన్_తెలుగు
వయసు చూసి పట్టించుకోరేమోనన్న దిగులు అక్కర్లేదమ్మా. నేను ఉండే ఇంగ్లండులోని డెవాన్‌లో బ్లాక్‌ఆటన్ అనే ఊరి బడిలో 8 నుంచి 10 ఏళ్ల పిల్లలు బంబుల్‌బీల (ఒక రకం తేనెటీగల) మీద ప్రయోగం చేశారు. అవి పూల రంగుతో పాటు అమరిక కూడా గుర్తుపెట్టుకుంటాయా అన్నది వాళ్ల ప్రశ్న. 2010లో రాయల్ సొసైటీ వాళ్ల బయాలజీ లెటర్స్ జర్నల్‌లో ఆ పేపర్ వచ్చింది. బొమ్మలు రంగు పెన్సిళ్లతో వేసినవి, రిఫరెన్సులు లేవు. అయినా వేశారంటే ప్రశ్న సొంతది, ప్రయోగంలో కంట్రోల్, అంటే పోల్చి చూసుకునే పరీక్ష, ఉంది. ఒక న్యూరోసైంటిస్టు మొదటినుంచీ వాళ్ల వెంట ఉన్నాడన్నది కూడా నిజమే. మీ మేడమ్ చెప్పింది చేస్తే నీ పనిలోనూ ఆ కంట్రోల్ వస్తుంది.

పాత_ల్యాబ్_కెమిస్ట్
నీళ్ల పరీక్షల ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. మీ ప్రాంతపు ఫ్లోరైడ్ కథ కొత్తది కాదు తల్లీ. 1937లోనే, మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో, అప్పటి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ జబ్బు) రోగుల గురించి డాక్టర్లు రాశారు. మన దేశంలో ఈ జబ్బు గురించి తొలి నివేదికల్లో అదొకటి. తర్వాత పటిక, సున్నం వాడే నల్లగొండ పద్ధతి వచ్చింది. దాన్ని కూడా చదువు. నీ పొడిని దేనితో పోల్చాలో తెలుస్తుంది. పటిక వల్ల నీళ్లలో మిగిలిపోయిన అల్యూమినియం ఈ రంగు పద్ధతిని ఎలా తప్పుదారి పట్టిస్తుందో కూడా తెలుస్తుంది.

ప్రొఫెసర్ల కోసం దూరం చూసే ముందు మీకు దగ్గర్లోని ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా) నీటి పరీక్షల ల్యాబ్‌కి వెళ్లు. జల్ జీవన్ మిషన్ వచ్చాక ఆ ల్యాబులు జనానికి కూడా నీళ్లు పరీక్షించి ఇవ్వాలి. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్, అంటే నీళ్లలో ముంచి ఫ్లోరైడ్ కొలిచే పరికరం, ఉందేమో అడుగు. దానికి రంగుతో పనిలేదు. రిపోర్టు కాకుండా రెండు సీసాలు పట్టుకెళ్లు, అక్కడి కెమిస్టు నీతో మాట్లాడతాడు.

కనిగిరి_అమ్మాయి
మేడమ్, మీరు చెప్పినట్టే డిస్టిల్డ్ వాటర్‌తో చేశాను. మీటరు సున్నా కంటే కిందికి చూపించింది! ఫ్లోరైడ్ లేని నీళ్లలో ఫ్లోరైడ్ మైనస్‌లో ఎలా ఉంటుంది? రంగు వల్లే. దాన్ని లెక్కలోకి తీసుకున్నా ఫ్లోరైడ్ కొంత తగ్గినట్టే ఉంది, కానీ 0.9 దాకా మాత్రం కాదు. పొట్టు తీసేసి గింజ పప్పు మాత్రమే పొడిచేస్తే నీళ్లు దాదాపు తేటగా ఉన్నాయి. ఇప్పుడు దాంతో మళ్లీ మొదలుపెడుతున్నాను.

స్కాలర్ అన్నా, మీరన్నట్టు చిన్న మెయిల్ రాసి, ఈ టేబుల్ పెట్టి, తమిళనాడులో ఫ్లోరైడ్ మీద పనిచేస్తున్న ఒక అక్కకు పంపాను. మర్నాడే జవాబిచ్చింది. కలిపే ముందూ తర్వాతా నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం కొలత) ఎంతో అడిగింది. నేను చూడలేదు. పీహెచ్ మారితే పొడి ఫ్లోరైడ్‌ను పట్టుకోవడమూ మారుతుందట.

కెమిస్ట్రీ_మేడమ్
మంచి ప్రశ్న అడిగింది. పీహెచ్ కాగితం కాదు, మీటరుతోనే చూడు. పీహెచ్ ముందే తెలిసిన బఫర్ ద్రావణంతో మీటరును సరిచేశాకే వాడు.

పాత_ల్యాబ్_కెమిస్ట్
ల్యాబ్‌కి తీసుకెళ్లే నీళ్లు గాజు సీసాలో వద్దు, ప్లాస్టిక్ సీసాలోనే పట్టు. ఆ నీళ్లతోనే రెండుసార్లు కడిగి నింపు. సీసా మీద బోరు ఉన్న చోటు, తేదీ, పొడి కలిపినవో కలపనివో రాయి. ఎలక్ట్రోడ్ రీడింగ్ వచ్చేదాకా ఆ పొడి నీళ్లు ఇంట్లో ఎవరికీ తాగడానికి ఇవ్వకు, తాతయ్యకు అసలే ఇవ్వకు.

కనిగిరి_అమ్మాయి
ఇవ్వను సార్. సోమవారం ల్యాబ్‌కి వెళ్తున్నాను. పొట్టుతో చేసినవి, పొట్టు లేకుండా చేసినవి, మామూలు బోరు నీళ్లు, మూడూ తీసుకెళ్తాను. రీడింగులు ఇక్కడే పెడతాను.