ఇంట్లో అందరూ ఉన్నా పాప ప్లేస్కూల్ ఆగిపోయింది, ఏం చేయాలి?

ప్రశ్న (రామంతాపూర్ అమ్మ)

మా పాపకి మూడున్నరేళ్లు. మా ఆయన కువైట్‌లో ఉంటారు. నేనూ పాపా మా పుట్టింట్లో అమ్మ, అన్నావదినలతో ఉంటున్నాం. జూన్‌లో ప్లేస్కూల్‌లో వేశాం. పొద్దున ఆఫీసుకి పోతూ నేను దింపేదాన్ని, పన్నెండున్నరకి వదిన తీసుకొచ్చేది. వదిన కాన్పుకి నల్గొండ వెళ్లింది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అన్న షాపు వదిలి రాలేడు. అంతే, బడి ఆగిపోయింది.

"ఇంట్లో ఇంతమందిమి ఉండగా పసిపిల్లకి బడెందుకే" అంటుంది అమ్మ. ప్రేమతోనే అంటుంది. కానీ ఇంట్లో ఉన్నదంతా పెద్దవాళ్లమే. పాప మాతో గలగలా మాట్లాడుతుంది, ఈడు పిల్లలు కనబడితే అమ్మ కొంగు చాటుకి పోతుంది. సాయంత్రం దాకా ఉంచుకునే డేకేర్‌కి మార్చనా? ఇంకో ఏడాది ఆగనా?

జవాబు (అంబర్‌పేట అంగన్‌వాడీ టీచర్)

ఆగకు చెల్లీ. మా హాజరు పుస్తకం చూస్తే ఏ ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. తల్లి రెండో కాన్పుకి పోతే పెద్దపిల్ల పేరు పక్కన నెలల తరబడి ఖాళీ. పాలమూరు నుంచి కూలికి వచ్చిన జంటల పిల్లల్ని అక్కలు తీసుకొస్తారు. అక్కకి బడి సెలవైతే తమ్ముడూ రాడు. ఆ అక్కకీ ఏడెనిమిదేళ్లే, తమ్ముడి బడి భారం ఆమె మీదే పడటం చూస్తే నాకు బాధేస్తుంది. ఉమ్మడి ఇళ్లలో వేరే చిక్కు: పిల్ల కాస్త ముక్కు చీదితే చాలు, "పోనీలే, ఇయ్యాల వద్దు" అనడానికి నలుగురుంటారు. తీసుకురావడానికి మాత్రం ఒక్కరే.

అందుకే ఇంట్లో ఎంతమంది ఉన్నారని నేను అడగను. తీసుకొచ్చే మనిషి ఎవరు, ఆ మనిషి లేనప్పుడు ఎవరు అని అడుగుతాను. మీ ఇంట్లో ఆ రెండో మనిషే లేరు.

మీ గల్లీలో అంగన్‌వాడీ ఉందేమో చూడు. 1975లో ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే ప్రభుత్వ పథకం) మొదలైనప్పటి నుంచీ మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి ఆటపాటలతో చదువు ఇందులో భాగమే. ఫీజు లేదు, మధ్యాహ్నం అన్నం, గుడ్డు పెడతాం. నడిచిపోయేంత దగ్గరైతే మీ అమ్మగారు మెల్లగా వచ్చిపోగలరు. మొదటి వారం ఆమెని కూడా కూర్చోమను. అమ్మమ్మ కళ్లెదుట ఉంటే పిల్ల తొందరగా కలుస్తుంది. ఆ తర్వాత ఆమె కూర్చునే చోటు కొద్దికొద్దిగా దూరం జరపాలి.

జవాబు (మియాపూర్ నుంచి)

మీ ఆఫీసులో 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే క్రెష్ (ఉద్యోగుల పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలని 2017 నుంచీ చట్టం చెబుతోంది. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి. మాకు చుట్టాలెవరూ దగ్గర లేరు, మా బాబుకి అదే దిక్కయింది.

జవాబు (ఒక నానమ్మ)

మీ అమ్మని తప్పుపట్టకు తల్లీ. మనవడు బడికి పోతే పగలంతా ఇల్లు బోసిపోతుందని నేనూ అడ్డుపడ్డాను. 2020 విద్యా విధానం ప్రకారం ఆరు నిండాకే ఒకటో తరగతి కదా, రాతల తొందరేమీ లేదు. ఇప్పుడు ఆడుకోవడానికే పంపుతున్నానని ఆమెకి చెప్పు.

రామంతాపూర్ అమ్మ

టీచరక్కా, వెనక సందులోనే కేంద్రం ఉందట, పక్కింటావిడ చెప్పింది. మా ఆఫీసులో 50 మంది లేరు. సోమవారం అమ్మనీ పాపనీ తీసుకుని వెళ్తున్నా. మధ్యలో కూడా చేర్చుకుంటారా? ఏం కాగితాలు తెచ్చుకోమంటారు?